అమ్ముగూడ బలరాం

ఏర్గట్ల నుంచి పట్నం పోయేవాళ్లు ఆర్మూర్ వెళ్లి బస్సయినా ఎక్కాలి, నిజామాబాద్ చేరి రైలయినా పట్టాలి. రైలే ఎక్కితే కామారెడ్డి, మేడ్చల్, బొల్లారం దాటాక, సికింద్రాబాద్ ఇంకాసేపట్లో వస్తుందనగా కిటికీ పక్క నుంచి ఓ చిన్న స్టేషన్ వెళ్లిపోతుంది. బోర్డు మీద పేరు అమ్ముగూడ. అప్పటికి అందరూ సంచులు సర్దుకునే హడావుడిలో ఉంటారు. ఆ పేరు చదివేదెవరు?

1936 అక్టోబర్ 4న తులసీదాస్ బలరాం పుట్టింది ఆ ఊళ్లోనే. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం: పాతతరం ఫుట్‌బాల్ అభిమానులు ఈ మూడు పేర్లనూ విడదీసి చెప్పరు. మొదటి ఇద్దరూ 2020లో నెలన్నర లోపే ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. మిగిలిన బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో, 86 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన కథ చెప్పాలంటే ముందు రహీం సాబ్ గురించి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన నేర్పిన ఆట ఎలాంటిదంటే, 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకుని విన్యాసాలు చేయడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. బలంలేని కాలితోనే ఆడాలంటూ మరో పోటీ. రెండు కాళ్లూ సమానంగా పలకాలన్నది ఆ పంతులుగారి పట్టుదల.

సికింద్రాబాద్ మైదానాల్లో ఆడుతున్న బలరాం ఆయన కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు హైదరాబాద్ రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. ఆ మాటే చెప్పాడు. రహీం సాబ్ సైకిల్ కిరాయికని రోజుకో రూపాయి తన చేత్తో ఇచ్చారు. కుర్రాడు కిరాయి సైకిల్ తొక్కుకుంటూ సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లి, మైదానంలో ఒళ్లు హూనమయ్యేలా ఆడి, మళ్లీ అదే సైకిల్ మీద ఇంటిదారి పట్టేవాడు. భారత ఫుట్‌బాల్‌కు ఆ రూపాయిని మించిన పెట్టుబడి ఇంకొకటి దొరికిందంటే నమ్మబుద్ధి కాదు.

1956లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అప్పటికి నిండా 20 ఏళ్లు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత ఎత్తుకు మళ్లీ చేరలేదు. మరుసటి ఏడు బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో ఆ జట్టు కెప్టెన్‌గా 23 గోల్స్ కొట్టి కలకత్తా లీగ్ గెలిపించాడు. ఎడమ వైపు వింగ్‌లో పెట్టినా, నడుమ ముందువరసలో పెట్టినా ఒకేలా ఆడేవాడు. జట్టుకు అవసరమైతే వెనక్కి వచ్చి బంతి అందించేవాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లకు ఎదురుపడింది హంగరీ. ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు అది. ఆయనకే 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ దక్కింది. అంతటి జట్టు చేతిలో భారత్ 2-1తో ఓడింది. ఆ ఒక్క గోల్ అమ్ముగూడ కుర్రాడిదే. పెరూ మీద గోల్ కూడా అతనిదే.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో లక్షమంది ప్రేక్షకులు భారత్ మీద కోపంతో ఊగిపోతుంటే, మనవాళ్లు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే ఆ జట్టు కోచ్ రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని బలరాం కూడా అదే ఏడాది ఆట మానేయాల్సి వచ్చింది. అప్పుడతనికి దాదాపు 27 ఏళ్లే. గురువునూ శిష్యుడినీ మైదానం ఒకే ఏడాది పోగొట్టుకుంది.

ఆ తర్వాత హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. బెంగాలీలు అతన్ని తమవాడనే అనుకున్నారు. ఇక్కడ తెలంగాణలో మాత్రం 2024లో రహీం సాబ్ కథతో ‘మైదాన్’ సినిమా వచ్చాక గానీ చాలామంది ఆయన పేరే వినలేదు. ఇక బలరాం సంగతి చెప్పేదేముంది! ఇది మనసును కలచివేసే మాటే.

ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు జెర్సీ మళ్లీ ఇటువైపు వచ్చింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఆ క్లబ్ మహిళల జట్టులో గుగులోతు సౌమ్య ఆడింది. ఏర్గట్ల ఉన్న నిజామాబాద్ జిల్లాలోనే, కిసాన్‌నగర్ తండాలో పుట్టిన అమ్మాయి. ఆ ఏడాది దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చారు.