బుక్కరాయసముద్రము: శిస్తు చిట్టానుండి ఓటరు జాబితా వరకు

అనంతపురమునకు అనతిదూరమున, పెద్దచెరువు కట్టచెంత నెలకొన్న బుక్కరాయసముద్రము తన పుట్టుకకు నీటికే ఋణపడియున్న గ్రామము. 1364వ సంవత్సర ప్రాంతమున, బుక్కరాయల మంత్రియగు చిక్కప్ప ఒడయరు పండమేరు ప్రవాహమునకు కట్ట వేయించి, దానికి ఒక కొసన బుక్కరాయసముద్రమును, మరియొక కొసన అనంతసాగరమును నిలిపెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఏడాదికి సగటున అయిదువందలయేబది మిల్లీమీటర్ల వానయైనను నికరముగా కురియని ఈ పీఠభూమిలో చెరువు క్రింద భూమి కలవాడు ఒక జాతి, మెట్టనేలను నమ్ముకొన్నవాడు ఒక జాతి అన్నట్లు బ్రదుకులు వేరుపడెను. ఆ వేరుపాటు పంటతో ఆగక, ఊరి వ్యవహారములలో ఎవని మాట చెల్లును, ఎవని పేరు పట్టికకెక్కును అను విషయమువరకు ప్రాకినది. ఓటుహక్కును గూర్చి వ్రాయదలచి చెరువుతో మొదలిడుటకు కారణమిదియే.

పూర్వకాలమున ఊరికి ఓటరు పట్టిక లేకపోయినను ఊరిలో ఎవరెవరు లెక్కకు వత్తురో అందరికిని తెలిసియుండెడిది. రెడ్డి, కరణము, తలారి, నీరగంటి మొదలగు ఆయగాండ్రకు పంటలో మేరలుండెను. చెరువు మరమ్మతుకై దశబంధపు ఇనాములుండెను. రచ్చబండ మీద కూర్చుండు అర్హత ఆ మేరలనుండియు మాన్యములనుండియు పుట్టెడిది. స్త్రీలకు అందు స్థానము లేదు. చెరువుకట్ట తెగినప్పుడు ఊరిని కాపాడుటకు బలియైనది బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ అని ఈ ప్రాంతమున చెప్పుకొనెడి కథను కట్టమంచి రామలింగారెడ్డి తన ‘ముసలమ్మ మరణము’నకు వస్తువుగా గ్రహించెను. ఊరిపెద్దలు కూడి ఆలోచించిన సభలో ఆమెకు మాట లేకపోవుటయు, ఊరి క్షేమమునకై ఆమె ప్రాణము చెల్లింపవలసివచ్చుటయు ఆ కథలోని క్రూరమైన సత్యము. కావ్యమును కన్నీటితో చదివిన తరములవారే తమ ఇంటి స్త్రీలకు ఓటు లేకపోవుటను వింతగా భావింపకుండుట గమనింపదగినది.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసిన పిమ్మట, తామస్ మన్రో ఇచ్చట రైత్వారీ పద్ధతికి పాదులు వేసెను. భూమిని కొలచి, తరము కట్టి, రైతు పేర పట్టా వ్రాసి, శిస్తును సర్కారుకు తిన్నగా చెల్లింపజేయుట ఆ పద్ధతి సారాంశము. దానితో కరణముగారి చిట్టాలోనికి రైతు పేరు ప్రవేశించినది. ఆనాడు ఆ పేరు శిస్తు వసూలునకు మాత్రమే పనికివచ్చెను. నూరేండ్లు గడచిన తరువాత అదియే రాజకీయార్హతకు పునాదియగునని మన్రోగాని, మన కరణములుగాని ఊహించియుండరు.

1882లో రెండు సంఘటనములు జరిగినవి: బళ్లారినుండి విడివడి అనంతపురము ప్రత్యేక జిల్లా అయ్యెను, స్థానిక స్వపరిపాలనను ప్రోత్సహింపవలెనని రిప్పన్ ప్రభువు తీర్మానము వెలువరించెను. ఆ తీర్మానఫలముగా 1884లో వచ్చిన మద్రాసు లోకల్ బోర్డుల చట్టము జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను, యూనియను పంచాయతీలను ఏర్పరచెను. అయితే జిల్లా బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులలో చాలమంది నియుక్తులు. స్వపరిపాలన అను పేరు పెద్దది, పని చిన్నది.

1920లో క్రొత్త లోకల్ బోర్డుల చట్టమును, గ్రామపంచాయతీల చట్టమును వచ్చి ఎన్నిక అను పద్ధతికి నిజమైన చోటు కల్పించెను. అదే కాలమున, 1919 నాటి సంస్కరణముల ప్రకారము, మద్రాసు శాసనమండలి ఎన్నికలలో పల్లెటూళ్ల ఓటరునకు విధించిన అర్హతను కొంచెము నిలిచి పరిశీలింపవలసియున్నది. ఏటికి పదిరూపాయలకు తక్కువకాని ‘వార్షిక కౌలువిలువ’ గల భూమికి పట్టాదారుడో ఇనాముదారుడో అయినవానికి ఓటు లభించును. రైత్వారీ భూముల విషయమున ఆ విలువను కట్టుటకు లోకల్ బోర్డుల శాసనములో కనబడు మార్గమేమనగా, భూమిపై సర్కారు శిస్తును, దానికి పారు నీటికై చెల్లించు నీటితీరువను కలిపి లెక్కించుట. ఈ కొలతను మన ఊరి భూములకు పెట్టి చూడుడు. ఎకరమునకు ఎనిమిదణాల తరముగల మెట్టనేల అయినచో పదిరూపాయలు నిండుటకు ఇరువది ఎకరములు కావలెను. శిస్తు, తీరువ కలిసి అయిదు రూపాయలు పడు చెరువు క్రింది మాగాణి అయినచో రెండెకరములు చాలును. అనగా, కొఱ్ఱ, సజ్జ వేసుకొని, వానకై మింటివైపు చూచుచు పదునెనిమిది ఎకరములు దున్నినవాడు ఓటు లేనివాడు; తూము నీటితో రెండెకరముల వరి పండించినవాడు ఓటరు. ఒడయరు కట్టించిన కట్ట ఆరువందల యేండ్లకు చేరువగుచుండగా, ఎవరికి నీరు పారవలెనో తేల్చుటతో ఊరకుండక ఎవరికి ఓటు దక్కవలెనో కూడ తేల్చునదియయ్యెను.

ఇక సెంటు భూమియు లేని కూలివాని సంగతి చెప్పనక్కరలేదు. అతని చెమట లేనిదే మాగాణిలో నాటు పడదు, కట్టపై మన్ను పడదు. పట్టిక మాత్రము అతనిని ఎరుగదు. ఆనాడు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జనులలో నూటికి సుమారు ముగ్గురికే శాసనమండలి ఓటుండెను. స్త్రీలను ఓటర్లుగా అంగీకరించుచు మద్రాసు శాసనమండలి 1921లో తీర్మానించుట దేశమున ముందడుగే. కాని తన పేర పట్టా కలిగిన ఆడుదాని కోసము వెదకవలసిన దేశమున ఆ తీర్మానము వలన పల్లెలకు ఒనగూరిన మేలు స్వల్పము. 1935 నాటి చట్టము అర్హతలను సడలించి, చదువు వచ్చినవారికిని చోటు చూపి, బ్రిటిషు ఇండియా జనసంఖ్యలో నూటికి పదునలుగురికి ఓటు కల్పించెను.

ఆస్తితో నిమిత్తము లేకుండ ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివారికి ఓటు అను సూత్రము రాజ్యాంగముతోను, పల్లెలమట్టుకు 1950 నాటి మద్రాసు గ్రామపంచాయతీల చట్టముతోను వచ్చినది. చిట్టాను ప్రక్కకు నెట్టి ఇంటింటికి తిరిగి పేర్లు వ్రాయవలసిన కాలము దానితో ప్రారంభమయ్యెను. మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు సిద్ధపరచునప్పుడు, తమ పేరు చెప్పుటకిష్టపడక ‘ఫలానివాని భార్య’, ‘ఫలానివాని తల్లి’ అని వ్రాయించుకొనిన స్త్రీల పేర్లు సుమారు ఇరువదియెనిమిది లక్షలు తొలగింపబడెను. అవి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రములవే. తెలుగునాట ఆ చిక్కు అంతగా లేకపోవుట మనకు ఒక గౌరవమే. గర్వమునకు కారణము మాత్రము కాదు, ఏలయన పేరు చెప్పుట వేరు, ఓటు స్వేచ్ఛగా వేయుట వేరు.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను. ఈ జిల్లాలోని ఇల్లూరున జన్మించిన నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా నుండగా 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చెను. ఆ యేటి అక్టోబరు 11న షాద్‌నగరమున నెహ్రూ పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. 1984లో వంశపారంపర్యపు కరణీకము, మునసబుగిరి రద్దయినవి. 1985లో మండలములు ఏర్పడి బుక్కరాయసముద్రము మండలకేంద్రమయ్యెను. 1989లో ఓటు వయస్సు పదునెనిమిదికి దిగెను. తరతరములుగా పేరు వ్రాయుటయు కొట్టివేయుటయు ఒక కుటుంబపు కలములో ఉండిన దశ అంతమగుట వీనిలో అన్నిటికంటె పెద్ద మార్పని నా అభిప్రాయము. వయస్సును దించుటకు ఢిల్లీలో రాజ్యాంగసవరణ కావలసివచ్చెను. కరణమును దించుటకు రాష్ట్రప్రభుత్వపు శాసనమే చాలెను.

ప్రస్తుతము అమలులోనున్న 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామపంచాయతీకి వేరుగా ఓటర్లను చేర్చుకొను పని లేదు. శాసనసభ నియోజకవర్గపు జాబితాలో ఆ గ్రామమునకు సంబంధించిన భాగమే, రాష్ట్ర ఎన్నికల సంఘము అధికారమిచ్చిన ఉద్యోగి ప్రచురించినప్పుడు, పంచాయతీ జాబితా యగును. మన ఊరివరకు అది శింగనమల నియోజకవర్గపు జాబితా. కావున శాసనసభ పట్టికలో పేరు లేనివానికి వార్డు సభ్యుని ఎన్నుకొను హక్కు సైతము లేదు. ఇందలి ప్రమాదము 2021 ఫిబ్రవరిలో వెల్లడియయ్యెను. ఆ యేటి జాబితాలు సిద్ధము కానందున పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాలతోనే జరిగెను. క్రొత్తగా పదునెనిమిదేండ్లు నిండిన సుమారు 3.60 లక్షల యువజనులు ఇందువలన ఓటు కోల్పోవుదురని హైకోర్టులో వాదము నడచినను ఫలము లేకపోయెను.

నేటి అర్హత భూమి కాదు, శిస్తు కాదు, ‘సాధారణ నివాసము’. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ఈ విషయమున రెండు మాటలు చెప్పుచున్నది: ఇల్లు ఉన్నంతమాత్రమున ఒకడు ఆ ఊరి నివాసి కాడు, తాత్కాలికముగా ఊరు విడిచినంతమాత్రమున నివాసి కాకపోడు. వేరుసెనగ చేతికి రాని యేట తలుపులకు తాళము వేసి బెంగుళూరికో కేరళకో కూలికి తరలు ఈ సీమవారికి రెండవ మాట ప్రాణాధారమైనది. తాళము చూచి ‘వలస’ యని వ్రాసి పేరు తీసివేయుట సులభము. తిరిగి వచ్చి చేర్పించుకొనుట కూలి పోగొట్టుకొన్నగాని సాధ్యము కాని పని. జంతలూరున కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసిన తరువాత ఇతర ప్రాంతముల విద్యార్థులును ఈ మండలమున నివసించుచున్నారు. వారిలో ఎవరు ఇచ్చటి నివాసులు, ఎవరు తమ ఊరి జాబితాలోనే ఉండవలయును అను ప్రశ్న కూడ ఆ చట్టము ముందే నిలుచును.

2022 నుండి జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగును అర్హతా తేదీలైనవి. పదునెనిమిదేండ్లు నిండు బిడ్డలున్న ఇంటివారు నమూనా 6ను బూత్‌స్థాయి అధికారికి అందించుటకు ఎన్నికల ప్రకటన వెలువడువరకు వేచియుండవలదు. కూలికై పొరుగూరు పోవువారు బయలుదేరకమునుపే ముసాయిదా జాబితాను తెప్పించి, తమ ఇంటి సంఖ్య క్రింద అన్ని పేర్లును ఉన్నవో లేవో చదివించుకొని పోవుదురుగాక.