సైకిలు లేని తాళములు



చరిత్రకు శిలాశాసనములే కాక త్రుప్పు పట్టిన యినుపముక్కయు సాక్ష్యమే. న్యూయార్కు వీథులలోని కంబములకు సైకిలు లేని తాళములు వ్రేలాడుట కద్దు. యజమానుఁడు మఱచిపోయినవి కొన్ని. సైకిలు పోఁగా మిగిలినవి కొన్ని.

ఆ నగరమునందే, గ్రీనిచ్ విలేజి వీథిలో, 1972లో క్రిప్టొనైటు సంస్థవారు తమ యుక్కుతాళముతో నొక సైకిలును కంబమునకు బంధించి 30 దినములు విడిచిరి. ఊడఁదీయఁదగిన భాగములన్నియు దొంగలపాలయ్యెను. తాళము మాత్రము చలింపలేదు. అయినను ఆ సంస్థవారి తాళములలోనే, గుండ్రని చెవితో తెఱచెడి రకము, చవుక కలపు గొట్టముతోడనే తెఱచుకొనునని 2004లో బయల్పడెను. వానిని వారు మార్చి యీయవలసివచ్చెను.

ఆమ్‌స్టర్‌డాము నగరమున 1965లో ప్రోవో యువకులు వేఱొక మార్గము త్రొక్కిరి. సైకిళ్లకు తెల్లరంగు పూసి, తాళము వేయక, ఎల్లవారి యుపయోగమునకై వీథిలో నుంచిరి. తాళము లేనిచో దొంగతనమునకు ప్రేరేపణ యగునని రక్షకభటులు వానిని పట్టుకొనిపోయిరి. అంతట యువకులు అంకెలతాళములు తగిలించి, వానిని తెఱచు అంకెలను సైకిలుమీఁదనే వ్రాసిరి!

ఈ రెండు నగరముల కథలును ఒక్కటే తెలుపుచున్నవి. ఇనుము గట్టిపడినకొలఁది దొంగయు నేర్పరి యగును. ఇరుగుపొరుగుల నమ్మకము లేనిచోట తాళము కాచునది తుదకు వట్టి కంబమునే.