గుఱ్ఱపు నెత్తుటిలోని క్రిమి

గడచిన మాఘమాసమున దిల్‌సుఖ్‌నగరులోని మా వీథికి పెండ్లి ఊరేగింపు వచ్చెను. వరుని మోయవలసిన గుఱ్ఱము తల వ్రేలవైచి, వాచిన కాళ్లతో నిలిచియుండెను. విచారింపగా దాని యజమాని, "నెత్తురు పరీక్ష చేయించిన సారూ, ఏం లేదన్నరు" అనెను. ఆ "ఏమియు లేదు" అను మాటను గూర్చియే మేమిందు వ్రాయదలచితిమి.

పంజాబునందు సర్రా యను వ్యాధి గుఱ్ఱములను, ఒంటెలను చంపుచుండగా, 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అను సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్‌ఖానులో వాని నెత్తుటిచుక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. ఎఱ్ఱకణములను త్రోసికొనుచు, పాముపిల్లవలె మెలికలు తిరుగు జీవి కానవచ్చెను. ఆ నెత్తుటిని ఆరోగ్యముగల జంతువుల కెక్కింపగా నవియు జబ్బుపడెను. అయినను పెద్దలు నమ్మరైరి. కలకత్తాలో తిమొతి లూయిస్ ఆరోగ్యముగానున్న ఎలుకల నెత్తుటిలో నిట్టి జీవులనే చూచియుండెను గావున నివి నిరపాయములని వారి తర్కము. ఎలుకకు చెల్లినది గుఱ్ఱమునకు చెల్లునా? ఇవాన్సునకు మేరీ కింగ్‌స్లీ పతకము 1917లో గాని రాలేదు. అప్పటి కాయన యెనుబదియేండ్లు దాటిన వృద్ధుడు. బేగంపేటలో 1897లో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న రాసు పేరు మన బాలు రెఱుగుదురు. ఇవాన్సు పేరును వారికి మేమును చెప్పినవారము కాము.

సర్రాను జోరీగలు వ్యాపింపజేయును. జ్వరము హెచ్చినపుడు నెత్తుట క్రిములు మెండుగా నుండును. తగ్గినపుడు వెదకినను దొరకవు. శరీరము క్రిమి పైపొరను గుర్తించి చంపునంతలో క్రొత్తపొర తాల్చిన సంతతి పెరుగుటయే దీనికి కారణము. విరాటుని అశ్వశాలలో మాఱుపేర దాగిన నకులునకు ఒక యేడే గడువు. ఈ క్రిమి మాఱువేషములకు గడువే లేదు. కావున జ్వరములేని నాటి పరీక్షలో నేమియు కానరానంతమాత్రమున గుఱ్ఱము నిర్దోషియని తీర్పు చెప్పరాదు.

పిడుదులవలన వచ్చు పైరోప్లాస్మ వ్యాధిలోని క్రిమి ఎఱ్ఱకణముల లోపలనే కాపురముండును. పైకి జ్వరము, నెత్తురు తగ్గుట, నీరసము రెండింటను నున్నవే. మందులు మాత్రము వేఱు. సర్రాకు క్వినాపైరమిన్, దీనికి ఇమిడోకార్బ్. కోలుకొన్న గుఱ్ఱములో నీ క్రిమి యేండ్ల తరబడి నిలిచియు, అద్దపు పలకపై కానరాకుండవచ్చును. అట్టిచో నెత్తుటిలోని ప్రతిరక్షకములను పరీక్షింపవలెను, లేదా పి.సి.ఆర్. పరీక్ష చేయవలెను.

మా పేటకు పడమరగా మలక్‌పేట పందెపు మైదానమున్నది. ఆఱవ నిజాము కాలమున, 1886లో, పందెములు మౌలాలీనుండి యచ్చటికి మాఱెను. పందెపు గుఱ్ఱమునకు జ్వరము తగిలిన పూటనే నెత్తురు తీయు వైద్యులుందురు. ఊరేగింపు గుఱ్ఱమున కా భాగ్యము లేదు.

జ్వరము కాయుచున్ననాడే మరల పరీక్ష చేయింపుమని యజమానికి నచ్చజెప్పితిమి. అతడు కళ్లెము సవరించుచు, "జొరమున్ననాడే తీసుకపొమ్మంటిరి, మంచిదే. ఆనాడు పెండ్లి ఉంటే కిరాయి ఎవరిస్తరు సారూ?" అని యడిగెను.