గొట్టాలకు పట్టే గార: గుర్తింపు చరిత్ర

వేడిని ఒక ద్రవం లేదా వాయువు నుంచి మరోదానికి అందించే గొట్టాలకు సున్నం, పాచి, బురద, దుమ్ము పేరుకోవడాన్ని గార పట్టడం లేదా ఫౌలింగ్ అంటారు. యంత్రం నడుస్తుండగానే కొలతలతో దాన్ని కనిపెట్టడం గార నిర్ధారణ. సున్నపురాయి నేలలున్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో ఇది నిత్యావసరమైన పని. చాలా లవణాలు వేడి నీటిలో ఎక్కువ కరుగుతాయి. కాల్షియం కార్బనేట్ తక్కువ కరుగుతుంది. అందుకే అది వేడి గోడనే వెతుక్కుని అంటుకుంటుంది.

ఆవిరిని గొట్టాల గోడల ద్వారా చల్లబరిచి నీరుగా మార్చే ఉపరితల కండెన్సరుకు 1834లో శామ్యూల్ హాల్ పేటెంటు పొందాడు. గారను అంకెల్లో పట్టుకునే దారి మాత్రం 1915లో విల్సన్ చూపాడు. నీటి వేగం మారుస్తూ మొత్తం ఉష్ణ నిరోధాన్ని గ్రాఫు గీస్తే, నీటి వేగంతో మారని నిరోధం విడిగా తేలుతుంది; నెలలు గడిచేకొద్దీ అది పెరిగితే గార పెరిగినట్టే. 1936లో లాంజిలియర్ సూచిక నీటికి సున్నం వదిలే గుణం ఉందో లేదో ముందే చెప్పింది. 1959లో కెర్న్, సీటన్ గార పేరుకోవడం, ఊడిపోవడం రెండూ కలిపి లెక్కగట్టారు.

నందిగామ నుంచి విజయవాడ వెళ్లే దారిలోని ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అక్కడి కండెన్సర్లను కృష్ణా నీరు చల్లబరుస్తుంది. ఏ కేంద్రంలోనైనా కండెన్సర్ వ్యాక్యూమ్ పడిపోయినంత మాత్రాన గార అని తేల్చడం తొందరపాటు. చల్లబరిచే నీటి ప్రవాహం తగ్గితే లోపలికి వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది. గార పడితే ఆవిరికీ బయటికి పోయే నీటికీ మధ్య తేడా పెరుగుతుంది. గాలి చొరబడినా ఇదే లక్షణం కనిపిస్తుంది గనుక ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటిలో (కండెన్సేట్‌లో) కరిగిన ఆక్సిజన్‌ను కూడా చూడాలి. వేసవి నీరు, శీతాకాలపు నీరు ఒకటి కావు. ఒకే లోడు, ఒకే నీటి వేడి దగ్గర శుభ్రమైన గొట్టాల నాటి కొలతతో పోల్చినప్పుడే తీర్పు నిలుస్తుంది.

జగ్గయ్యపేట దగ్గరి జయంతిపురం రామ్‌కో సిమెంటు కర్మాగారం వంటి చోట్ల వృథా వేడితో కరెంటు తీసే బాయిలర్లది మరో సమస్య. అక్కడ ముడిపిండి దుమ్ము గొట్టాల బయట పేరుకుంటుంది. బయటికి పోయే వాయువు వేడి, డ్రాఫ్ట్ నష్టం రెండూ పెరుగుతాయి. గొట్టాలను సుత్తులతో తట్టించాక కొలతలు దిగివస్తే అది వదులు దుమ్ము. రాకపోతే గట్టిపడిన పెచ్చని అనుమానించి, బాయిలర్ ఆపి లోపల చూడాలి.