డాడ్జికి గుండె మార్పిడి

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి మా మనవడు ఫోను చేశాడు. "మామ్మా, తాతయ్య డాడ్జికి ఏ ఇంజను వేద్దాం?" అన్నాడు. కుశల ప్రశ్నలు లేవు, మోకాళ్ళ నొప్పులెలా వున్నాయని లేదు. పెళ్ళి సంబంధం సంగతి ఎత్తుతాడేమోనని ఆశగా ఫోను అందుకున్న నేను నీరుగారిపోయాను.

అత్తిలిలో మా ఇంటి వెనక, ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసుకున్న పాకలో ఆ కారు వుంది. అమ్మడానికి మనసొప్పక, నడపడానికి మనిషి లేక అలా వుండిపోయింది. వెనక సీటు మీద రెండు మూడు తరాల కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఇప్పుడు దాన్ని లేపి, అమెరికా వాళ్ళ "మజిల్ కారు"లాగా ఎనిమిది సిలిండర్ల ఇంజను బిగించాలని మావాడి కోరిక. మజిల్ అంటే కండ. కండలు తిరిగిన కారన్నమాట!

ఇంతకీ నన్నెందుకు అడిగాడంటే, ఆ కారుకి ఇదివరకోసారి ఇంజను మార్పించిన దాన్ని నేనే. చేతులు మసి చేసుకుని కాదు లెండి, పద్దుల పుస్తకం పట్టుకుని.

మోటారు బండికి బలం ముఖ్యమా, ఖర్చు ముఖ్యమా అన్న తగువు మన వైపు కొత్తదేం కాదు. మా మావగారు యుద్ధకాలం నాటి బస్సుల కథలు చెబుతుండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను పెట్టారు. బస్సుల వెనక ఇనప పీపా లాంటి పొయ్యి కట్టి, అందులో బొగ్గులు కాల్చి, ఆ వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బండి కదలాలంటే ముందు క్లీనరు ఓ గంట పంఖా తిప్పాలి. పెట్రోలు మీద వున్న బలం బొగ్గు మీద వుండదాయె. కాలవ వంతెన ఎత్తు వచ్చిందంటే మొగవాళ్ళంతా దిగి తొయ్యాల్సిందే. టిక్కెట్టు కొనుక్కుని మరీ తోసేవాళ్ళమని మావగారు నవ్వేవారు. దిగేసరికి తెల్లపంచె కాస్తా నల్లపంచె.

యుద్ధం అయిపోయాక పట్టాళం లారీలూ జీపులూ "డిస్పోజల్స్" పేరిట వేలానికొచ్చాయి. మా జిల్లాకి యుద్ధం ఇంకో వస్తువు కూడా వదిలిపెట్టి వెళ్ళింది. తాడేపల్లిగూడెంలో విమానాల కోసం వేసిన రన్‌వే. విమానాలు వెళ్ళిపోయాయి గాని ఆ బారెడు బాట మిగిలింది.

చిత్రమేమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో కుర్రాళ్ళు యిలా ఖాళీ పడ్డ విమానాల బాటల మీద కార్ల పందాలు మొదలెట్టారు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనుక్కోగలిగే వి-8 ఇంజను తీసింది. నాలుగు సిలిండర్లు ఇటూ, నాలుగు అటూ 'వి' ఆకారంలో వుంటాయి. ఆ పాత ఫోర్డులు కారుచౌకగా దొరికేవి. వాటికి మెరుగులు దిద్ది, పనికిరాని రేకులు పీకి పారేసి, పరుగులు తీయించేవారు. ఈ పిచ్చి ముదిరి 1964 మోడలు పాంటియాక్ జి.టి.ఓ. దాకా వచ్చింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజను పెట్టరాదని ఆ పెద్ద కంపెనీ కట్టడి. పాంటియాక్ ఇంజనీర్లు 389 ఘనపుటంగుళాల ఇంజను తెచ్చి, "ఇది వేరే కారు కాదు, అడిగినవాళ్ళకి అదనంగా ఇచ్చే సామాను" అని కాగితం మీద రాసి గట్టెక్కారు. మన పెళ్ళిళ్ళలో కట్నం వద్దని, లాంఛనాలు మాత్రం పుచ్చుకున్నట్టు! దాని బలం 325 గుర్రాలు.

మా డాడ్జికి అంత సీను లేదు. అది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు క్రైస్లర్ కంపెనీ ఒప్పందంతో బిగించిన కారు. ఆ కంపెనీ పెట్టినాయన వాల్‌చంద్ హీరాచంద్. యాభైలలో రెండు పంటలూ బాగా పండిన ఏడు మావగారు కొన్నారు. వరసగా నించున్న ఆరు సిలిండర్లు, మూడున్నర లీటర్ల పైచిలుకు ఇంజను, వంద గుర్రాలకు కాస్త అటూ ఇటూ. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు.

1970లో నా పెళ్ళయిన నెలకి మావారు నన్ను సినిమాకని చెప్పి గూడెం తీసికెళ్ళి, ఆ రన్‌వే మీద కారు వదిలారు. మైళ్ళ ముల్లు డెబ్బై దాటడం చూశాను. ఆ పైన కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నవ్వుతున్నారు. అంత చిన్నపిల్లాడి నవ్వు ఆయన మొహంలో తర్వాత నేను ఎక్కువసార్లు చూడలేదు. చెప్పొద్దూ, నాకూ బాగానే వుంది. ఇంటికెళ్ళాక అత్తగారు సినిమా కథ అడిగారు. అదీ అసలు భయం!

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. మూడు డాలర్ల దగ్గరున్న పీపా ధర మర్నాటి జనవరికి పన్నెండుకి చేరువయింది. అమెరికాలోనే కండల కార్లు చతికిలబడ్డాయంటే అత్తిలిలో మా గతేమిటి? మా డాడ్జి లీటరుకి అయిదారు కిలోమీటర్లు కూడా ఇచ్చేది కాదు. అదే ఏడు మా ఆడపడుచు పెళ్ళి కుదిరింది. ఇంటి పద్దు రాసేది నేను. పెట్రోలు పద్దు చూసి, "కారు అమ్మేద్దాం, లేదా డీజిలు పెట్టిద్దాం" అన్నాను. మావారు మాట్లాడలేదు. మూడోనాడు బెజవాడ ఆటోనగర్ వెళ్ళొచ్చారు.

ఆ రోజుల్లో ఈ మార్పిడి చాలామంది చేయించారు. పాత ప్లిమత్తులూ డాడ్జిలూ టాక్సీలుగా బతికాయంటే డీజిలు చలవే. మద్రాసు సింప్సన్ కంపెనీ వాళ్ళు ఇంగ్లండు పెర్కిన్స్ ఇంజన్లు మన దేశంలోనే తయారుచేసేవారు. మాకు దొరికింది పెర్కిన్స్ పి-4. నాలుగు సిలిండర్లు, మూడు లీటర్ల చిల్లర. గుర్రాల లెక్కలో పాతదానిలో సగమే.

ఇక్కడ గుర్రాల సంగతి చెప్పాలి. ఆ లెక్క జేమ్స్ వాట్ గారిది. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో కొనేవాళ్ళకి చెప్పాలి గదా, అందుకు పెట్టిన కొలత. కాని మా వైపు వాళ్ళకి గుర్రంతో ఏం పని? దమ్ము చేసేది ఎద్దు. ఆటోనగర్ మేస్త్రీ నాతో అన్నమాట నాకింకా గుర్తే. "పెట్రోలు గుర్రమండి అమ్మగారూ, డీజిలు ఎద్దండి. పరిగెత్తమంటే పరిగెత్తదండి, లాగమంటే ఆగదండి." నెమ్మదిగా తిరుగుతూనే నిండు బలం ఇస్తుందని దాని తాత్పర్యం.

ఇంజను మార్చడమంటే మూకుడు దింపి గిన్నె పెట్టడం కాదు. డీజిలు ఇంజను బరువెక్కువ. ముందు పట్టీలకి అదనపు ఆకులు వేయాలి. అది తక్కువ చుట్లు తిరుగుతుంది గనక వెనక క్రౌన్-పీనియన్ పళ్ళ లెక్క మార్చకపోతే బండి నత్తనడకే. ఇంజను కూర్చునే దిమ్మలు కొత్తగా అతకాలి, లేకపోతే పళ్ళు కదిలేట్టు వణుకు. అన్నీ అయ్యాక రవాణా అధికారి చూసి, బండి పుస్తకంలో పెట్రోలు కొట్టేసి డీజిలు రాశారు. డాక్టర్ బర్నార్డ్ 1967లో మనిషికి గుండె మార్చిన వార్త ఇంకా జనం నోట్లో వుంది గనక, ఊళ్ళో అందరూ "డాడ్జికి గుండె మార్చారట" అని చూడ్డానికి వచ్చారు.

చప్పుడు మాత్రం అచ్చం లారీదే. గేటు దగ్గర మోగగానే మా పనిమనిషి "ధాన్యం లారీ వచ్చిందండీ" అని కేకేసేది. మావారు నవ్వేవారు కాదు. రన్‌వే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మౌనం నాకు ముల్లులా వుండేది.

రెండేళ్ళ తర్వాత శ్రావణమాసంలో ఓ రాత్రి మావగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. ఏలూరు తీసికెళ్ళాలి. కుంభవృష్టి. ఏలూరు పొలిమేరలో తమ్మిలేరు పొంగి రోడ్డెక్కింది, కొల్లేటికి పోయే నీళ్ళన్నీ మా ముందే పరిగెడుతున్నాయి. రోడ్డు మీద రెండు అంబాసిడర్లు ఆగిపోయి వున్నాయి. పెట్రోలు ఇంజనుకి నిప్పురవ్వ కావాలి. ప్లగ్గులో, డిస్ట్రిబ్యూటర్లో చుక్క నీరు పడితే ఆ రవ్వ రాదు. డీజిలుకి రవ్వతో పని లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే మండుతుంది. గాలి పీల్చే గొట్టం మునగనంతవరకూ నడుస్తుంది. మావారు దిగి, పంఖా నీళ్ళు చిమ్మకుండా బెల్టు ఊడదీసి, మొదటి గేరులో మెల్లిగా నడిపించారు. సీటు కింద నీళ్ళు. ఒళ్ళో మావగారి తల. ఆ ఎద్దు ఆగలేదు. మావగారు మరి ఆరేళ్ళు బతికారు.

ఇవన్నీ మా మనవడికి చెప్పాను. వాడు విన్నాడు గాని వి-8 వదల్లేదు. "పోనీ కాంటెస్సా ఇంజను?" అన్నాడు. కాంటెస్సా కథా ఇలాంటిదే. 1984లో హిందూస్థాన్ మోటార్స్ వాళ్ళు తెచ్చిన ఆ బారుపాటి కారు మన దేశపు మజిల్ కారులా కనబడేది. లోపల మటుకు అంబాసిడర్‌దే ఒకటిన్నర లీటర్ల ఇంజను. ఏనుగుకి మేక గుండె! తర్వాత జపాను ఇసుజు ఇంజను, 1.8 లీటర్లది, పెట్టాకే దానికి ప్రాణం లేచొచ్చింది. 2002లో ఆ కారూ ఆగిపోయింది.

ఏ ఇంజనైనా బలం పెంచేముందు బ్రేకులు చూడమన్నాను. ఆ కాలపు డ్రమ్ము బ్రేకులతో మూడొందల గుర్రాలని ఆపాలంటే దేవుడే దిగాలి. చట్టం సంగతి వాడే కనుక్కుని చెప్పాడు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇప్పుడు ఇష్టమొచ్చిన ఇంజను పెట్టుకోనివ్వరు, 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ చేసిన రూపం మార్చరాదంది. 2021లో పాతకార్లకి వేరే నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో వున్న బండికే ఆ గౌరవం. "అంటే పాత ఆరు సిలిండర్లదే కావాలి మామ్మా. అదెక్కడుంది?" అన్నాడు.

ఎక్కడుంది? ఆటోనగర్ వాళ్ళు మారుబేరంగా తీసేసుకున్నారు. ఆ మిగులు డబ్బు ఆడపడుచు పెళ్ళిపట్టుచీరల్లోకి వెళ్ళింది. నా పద్దులో రాసే వుంది.

వాడికి ఇంజను నంబరు కావాలంటే బండి పుస్తకం కోసం నిన్న అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. పుస్తకం దొరికింది. దాని కింద బరువైన మూట ఒకటి. విప్పితే నా పాత వెంకటగిరి చీర ముక్క, లోపల నూనె గుడ్డ, ఆ లోపల పాత ఇంజను కార్బరేటరు. ఎక్కడా తుప్పు లేదు. నూనె ఆరిపోకుండా ఎన్నిసార్లు మార్చి చుట్టారో. మావారు పోయి తొమ్మిదేళ్ళయింది.

మనవడికి ఫోను చేసి, "ఒక వస్తువు దొరికిందిరా, తక్కినది నువ్వు వెతుక్కో" అన్నాను. వచ్చే ఆదివారం వస్తున్నాడు. పాకలోంచి కోళ్ళని ఖాళీ చేయించాలి.