హృదయ శస్త్రచికిత్సలో మత్తుమందులు – రోగనిరోధక కణములు

హృదయ శస్త్రచికిత్సయందు రోగికి తెలివి తప్పించుటకును, నొప్పి తెలియకుండ చేయుటకును వాడు మందులు, రక్తమునందు సంచరించు న్యూట్రోఫిల్, మోనోసైట్, లింఫోసైట్ అను శ్వేతకణముల నడవడిని గూడ ఎంతో కొంత మార్చును. మత్తుమందు గుండెను దెబ్బతీయునా అను ప్రశ్న ఈ కణముల ప్రశ్నకంటె పాతది. దానిని తేల్చుటకై నిజాము ప్రభుత్వ వ్యయముతో 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించిన క్లోరోఫారం కమిషన్లు, ముందుగా ఆగునది శ్వాసయే కాని గుండె కాదని తీర్మానింపగా, 1911లో ఇంగ్లండున గుడ్మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫారం మత్తులోనున్న పిల్లుల గుండె హఠాత్తుగా కంపించి నిలిచిపోవుటను చూపి ఆ తీర్మానమును త్రోసిపుచ్చెను. అదే సంవత్సరమున అమెరికాలో ఎవార్ట్స్ గ్రేహం, ఈథరు అను మత్తుమందు వలన శ్వేతకణములకు సూక్ష్మజీవులను మ్రింగు శక్తి తగ్గుచున్నదని ప్రకటించెను.

అయితే గుండె ఆపరేషనులో శ్వేతకణములకు కలుగు కలవరమునందు పెద్ద పాలు యంత్రముది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తొలిసారి జయప్రదముగా వాడిన హార్ట్-లంగ్ మెషీన్, నేటి రూపమున, గుండె ఆగియున్నంతసేపు రక్తమును ప్లాస్టిక్ గొట్టములలో నడిపి, ప్రాణవాయువును కలిపి దేహమునకు తిరిగి అందించును. ఆ పరాయి ఉపరితలము సోకినంతనే రక్తములోని కాంప్లిమెంట్ అను ప్రోటీన్ల వ్యవస్థ మేల్కొనును. దానినుండి తెగిపడిన సి3ఎ, సి5ఎ ఖండములు న్యూట్రోఫిల్ కణములను రేపును. అంతవరకు రక్తనాళపు లోపొర వెంబడి దొర్లుచు పోవుచుండిన కణము, తన ఒంటిమీది ఇంటిగ్రిన్ అణువులను గోడమీది ఐకామ్-1 అణువులకు తగిలించి, అచ్చటనే నిలిచి, సందు చేసికొని గోడ దాటి, ఊపిరితిత్తులలోనో గుండె కండరములోనో చొచ్చి, సూక్ష్మజీవులకై దాచియుంచిన ఎంజైములను సొంత దేహము మీదనే విడుచును. బృహద్ధమనికి వేసిన క్లాంపును తీసి గుండెలోనికి రక్తమును మరల వదలినప్పుడు ఈ దాడి తీవ్రమగును. ఆ వెనుక ఐఎల్-10 వంటి శమనకారకములు పెరిగి, మోనోసైట్లపై సూక్ష్మజీవుల ఆనవాళ్లను లింఫోసైట్లకు చూపు హెచ్ఎల్ఎ-డిఆర్ అణువులు తగ్గి, లింఫోసైట్ల సంఖ్య పడిపోయి, రోగి కొన్ని దినములపాటు అంటురోగములకు సులభముగా లోబడు స్థితిలో నుండును.

ఈ రెండు దశలమీదను మందులు వేర్వేరుగా పనిచేయును. పీల్చుడు మందులైన ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, పైన చెప్పిన ఇంటిగ్రిన్లలో ఎల్ఎఫ్ఎ-1 అనుదానిని నేరుగా అంటి, కణము గోడను పట్టుకొను పట్టును సడలించునని ప్రయోగశాలలో తేలినది. రక్తము కొరవడునప్పటి దెబ్బకు గుండె కండరమును ముందుగా సిద్ధపరచు గుణము సైతము వీనికి గలదు. సిరలోనికి ఎక్కించు ప్రోపొఫోల్, సోయానూనె, గ్రుడ్డు లెసిథిన్లతో కూర్చిన పాలవంటి ద్రవము. న్యూట్రోఫిల్ విడుచు తీక్ష్ణమగు ఆక్సిజన్ సమ్మేళనములను అణచు శక్తి దీనికి కొంత యున్నది. కీటమిన్ స్వల్పమాత్రలో ఇచ్చినపుడు ఆపరేషను పిదప కణముల ఉద్రేకమును సూచించు ఐఎల్-6 పెరుగుదల తగ్గినట్లు కనబడినది. మార్ఫిన్ సహజ హంతక కణముల చురుకును తగ్గించును.

వీనిలో మిక్కిలి జాగ్రత్తతో చూడవలసినది ఎటోమిడేట్. రక్తపోటును పడనీయదు గనుక బలహీనమైన గుండెగల రోగికి మత్తు ఆరంభించుటకు డాక్టర్లు దానిని ఇష్టపడుదురు. కాని ఒక్క మోతాదే అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ తయారీని కొన్ని గంటలపాటు అడ్డగించును, ఆ కార్టిసాలే శ్వేతకణముల ఉద్రేకమునకు కళ్లెము. గ్లాస్గోలో తీవ్రగాయములతో ఐసీయూనందున్న రోగులకు దీనిని ఎడతెగక ఎక్కించినపుడు మరణములు పెరిగినవని 1983లో బయటపడిన పిదప ఆ పద్ధతి విడువబడినది. కార్టిసాల్ తయారీలో చిన్నదిగా తోచు మార్పు రోగి ప్రాణముదాక పోగలదని ఇంత స్పష్టముగా చూపిన ఉదాహరణము వేరొకటి నాకు కానరాదు.

తక్కిన మందుల విషయమున మాత్రము ప్రయోగశాల చూపిన తేడాలు రోగి మంచముదాక చేరలేదు. 13 దేశములలో 5,400 మంది బైపాస్ రోగులపై జరిగి 2019లో వెలువడిన మిరియాడ్ పరీక్షలో, పీల్చుడు మందు పొందినవారికిని, సిరద్వారా మాత్రమే మత్తు పొందినవారికిని ఏడాదిలో మరణములు వరుసగా నూటికి 2.8, 3.0, అది లెక్కకు రాని తేడా. వేలకొలది రోగులకు బలమైన స్టెరాయిడ్లనే ఇచ్చి శోథను అణచజూచిన పెద్ద పరీక్షలు సైతము మరణములను తగ్గింపలేకపోయినవి. కనుక మత్తు ఏర్పరచు డాక్టరు గుండె బలమును, రక్తపోటును, మూత్రపిండములను చూచి మందు నెన్నుకొనుటయే నేటికిని న్యాయము.

ఈ విచారమున ఒక చిక్కు గలదు. యంత్రము నడచుచుండగా ఊపిరితిత్తులు పనిచేయవు గనుక పీల్చుడు మందును కృత్రిమశ్వాసగొట్టము ద్వారా ఇచ్చుట వ్యర్థము. ఆక్సిజనేటరుకు పోవు వాయుమార్గమున వేపరైజరు అమర్చి దానిద్వారా ఇయ్యవలెను. ఆ అమరిక లేనిచోట సరిగా శ్వేతకణములు రేగు ఆ గంటలలోనే రోగి ప్రోపొఫోల్ మత్తులో నుండును. అట్టి రోగిని పీల్చుడు మందు పొందినవారి జాబితాలో చేర్చి కణములను లెక్కించినచో ఆ లెక్క ఏ మందుదో చెప్పుట కష్టము.