ఫంక్షన్ ఇవ్వాలా, ఆబ్జెక్ట్ ఇవ్వాలా?



ఫంక్షన్ అంటే మన ఇళ్ళలో పెళ్ళో, గృహప్రవేశమో. వెబ్ పేజీలు రాసే మన పిల్లలకు మాత్రం అది చేయవలసిన పని రాసిన చీటీ. ఆ పనినీ, దానికి కావలసిన సమాచారాన్నీ ఒకే మూటగా కడితే అది ఆబ్జెక్ట్. ఈ మధ్య మన సంఘం సభ్యత్వ పేజీలో ‘నమోదు’ బటన్ నొక్కితే పేర్లు ఖాళీగా వెళ్ళాయి. రాసిన కుర్రాడి అజాగ్రత్త అనుకున్నాం, నాలుగు మాటలూ అన్నాం. చరిత్ర తిరగేస్తే ఆ గుంత అతను తవ్వింది కాదని తెలిసింది.

1995 మే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలి రూపం ఇచ్చారు. బ్రౌజర్‌లో స్కీమ్ భాష పెడదామని ఆయన్ను పిలిచారు. తీరా చేరాక, చూడడానికి జావాలా ఉండాలన్నారు. అందుకే జావాస్క్రిప్ట్‌కు పైబట్ట జావాది, ఫంక్షన్ల నడక స్కీమ్‌ది. స్కీమ్‌లో ఒక అంకెను ఇచ్చినంత తేలికగా ఫంక్షన్‌ను ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చు. అప్పటి జావాలో అది కుదరదు, పనిని ఆబ్జెక్ట్‌లో పెట్టే ఇవ్వాలి. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాషతో బతికే మనకు ఈ సంసారం కొత్తేమీ కాదు.

బటన్ నొక్కినప్పుడు ఎవరిని పిలవాలో చెప్పే ‘యాడ్‌ఈవెంట్‌లిజనర్’ పద్ధతికి 2000 నవంబరులో డబ్ల్యూ3సీ ప్రమాణం వచ్చింది. అది జావాస్క్రిప్ట్ ఒక్కదానికే రాసింది కాదు, జావాకూ పనికిరావాలి. అందుకని పిలుపు అందుకునేదాన్ని ‘హ్యాండిల్‌ఈవెంట్’ అనే ఒకే పని ఉన్న ఆబ్జెక్ట్‌గా వర్ణించారు. జావాస్క్రిప్ట్‌లో మాత్రం నేరుగా ఫంక్షన్ ఇస్తే చాలన్నారు. ఇవాళ్టి బ్రౌజర్లు రెండింటినీ తీసుకుంటాయి.

మరి చిక్కెక్కడ? ‘మన ఇంటి పప్పు తీసుకురా’ అని చీటీ రాసి పంపామనుకోండి. పక్కింటివారు చదివితే ‘మన ఇల్లు’ అంటే వాళ్ళ ఇల్లే. జావాస్క్రిప్ట్‌లో ‘దిస్’ అనే మాట అలాంటిదే. ఆబ్జెక్ట్‌లోంచి ఫంక్షన్‌ను విడదీసి బటన్‌కు ఇస్తే, ‘దిస్’ అంటే ఆ బటనే అవుతుంది. సభ్యుడి పేరు బటన్ దగ్గర వెతికితే ఎలా దొరుకుతుంది? మన పేజీలో జరిగింది ఇదే. ఆబ్జెక్ట్‌నే ఇచ్చి ఉంటే, ‘హ్యాండిల్‌ఈవెంట్’ పిలిచినప్పుడు ‘దిస్’ ఆ ఆబ్జెక్టే అయ్యేది, పేరు దొరికేది.

ఈ బాధ ఒక్కరిది కాదు కనుకనే భాషే మారుతూ వచ్చింది. 2009 ప్రమాణంలో ‘బైండ్’ వచ్చింది, చీటీ మీద ‘ఇది ఫలానావారి ఇల్లు’ అని ముద్ర వేసినట్టు. 2015లో బాణం గుర్తు ఫంక్షన్లు వచ్చాయి. అవి తాము రాసిన చోటి ‘దిస్’నే పట్టుకుని ఉంటాయి. అటు జావా కూడా 2014లో, ఎనిమిదో వెర్షన్‌లో లాంబ్డాలు తెచ్చింది. దాంతో ఆబ్జెక్ట్ తరగతి విడిగా రాయకుండా పనిని మాత్రమే రాసి ఇచ్చే వీలు కలిగింది. ఇరవై ఏళ్ళలో ఇద్దరూ చెరో అడుగు ఎదురు నడిచారు.

మనవాడు బాణం గుర్తు ఒకటి చేర్చాడు, పేర్లు సరిగ్గా వస్తున్నాయి. అన్న మాటలు మేం వెనక్కి తీసుకున్నాం. ఖాళీగా వెళ్ళిన దరఖాస్తుల వారు దయచేసి మరోసారి నమోదు చేసుకోండి. మన పిల్లల పనిలో తప్పు కనబడితే, ముందు ఆ చీటీ ఎవరింట్లో చదివారో అడుగుదాం.